కండలో చక్కెర పూసలు

ల్యాబు,
మధ్యాహ్నం టీ వేళ.

అన్నయ్యా,

అమ్మ కులాసా. నీ మీద అమ్మ ఫిర్యాదులు కూడా కులాసా. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ నువ్వు ఫోన్‌లో "ఊఁ", "సరే" తప్ప మూడో మాట మాట్లాడవు. పైగా నాకు కావలసింది బొమ్మ. అందుకని కాగితం మీద పడ్డాను.

నా ఉద్యోగం గురించి నీకు చాలాసార్లు చెప్పాను. నువ్వు వినలేదని నాకు తెలుసు. ఈసారి విను. మా కంపెనీ ఎంజైములు తయారుచేసి, పరిశోధనలు చేసుకునే ల్యాబులకు పంపుతుంది. నాకు అప్పగించింది ఈస్ట్‌ది. బ్రెడ్డు పొంగడానికి పిండిలో వేస్తారే, ఆ ఈస్టే. అది కంటికి కనబడనంత చిన్న ప్రాణి అయినా భలే ముందుచూపు ఉన్నది. తిండి దండిగా దొరికినప్పుడు చక్కెరను పూసల్లా గుచ్చి గొలుసులుగా దాచుకుంటుంది. తిండి దొరకని రోజున ఆ గొలుసు చివరి నుంచి ఒక్కొక్క పూసా తెంపుకుని బతుకుతుంది. ఆ తెంపే పని చేసేదే నా ఎంజైము. దాని పేరు ఫాస్ఫోరిలేజ్. పేరు చూసి బెదిరిపోకు. మేం ముద్దుగా తెంపులమ్మ అంటాం.

ఈస్ట్ నుంచే తీద్దామంటే చాలా కొంచెం వస్తుంది. అందుకని తెంపులమ్మను ఎలా తయారుచేయాలో చెప్పే జన్యువును ఈస్ట్ లోంచి తీసి ఒక బాక్టీరియాలో పెట్టాం. పిచ్చిముండ, అది తనదే అనుకుని అదేపనిగా చేసిపెడుతుంది. తరవాత మేం దాన్ని చితక్కొట్టి, అక్కర్లేనివన్నీ వడగట్టి, మిగిలిన దాన్ని చిన్న సీసాల్లో పోసి గడ్డకట్టిస్తాం. చూడటానికి మంచినీళ్ళలాగే ఉంటుంది.

ఇప్పుడు సీసాతో పాటు వెళ్ళే కరపత్రానికి బొమ్మ కావాలి. మా ఆఫీసువాళ్ళు ఎవరిచేతనో గీయించారు. కళ్ళూ ముక్కూ ఉన్న కత్తెర, నవ్వుతోంది. నాకు ఏడుపొచ్చింది. "మా అన్నయ్య డ్రాయింగు మాస్టారండీ" అని కోతలు కోసేశాను. పరువు నీ చేతుల్లో ఉంది.

నీ
బుల్లి

*

డ్రాయింగు గది,
మూడో అంతస్తు.

బుల్లీ,

పై చిరునామా చూశావా? అవును, నన్ను పైకి తోసేశారు. కింద గది కంప్యూటర్లకు కావాలిట. "పైన వెలుతురు బాగుంటుంది మాస్టారూ, మీ బొమ్మలకి మంచిది" అంది హెడ్ మేడమ్. వెలుతురు నిజంగానే బాగుంది. అక్కడికి చేరుకోవడమే కాస్త పెద్ద పని. అదృష్టం బాగుండి మెట్లు తిరిగే ప్రతి చోటా ఒక కిటికీ పెట్టారు. నేను ప్రతి కిటికీ దగ్గరా ఆగి, వీధినీ డాబాల మీది నీళ్ళ ట్యాంకులనూ తీరిగ్గా చూసుకుని మరీ కదులుతాను. మాస్టారికి అన్నిటిలోనూ అందం కనబడుతుందని పిల్లలు అనుకుంటున్నారు. అనుకోనీ.

మీ వదిన మాత్రం అలాంటి భ్రమలేం పెట్టుకోదు. బజారు నుంచి వచ్చేటప్పుడు వీధి మొదట్లోనే సంచులన్నీ తనే అందుకుని "మీరు తాపీగా రండి, నేనీలోపు వంట చేసేస్తా" అని వెళ్ళిపోతుంది.

నీ తెంపులమ్మ సంగతి నాకు నచ్చింది. ఈసారి ఊఁ కొట్టకుండా చదివాను. మొదటి ప్రయత్నం పంపుతున్నాను: అరుగు మీద కూర్చుని హారం విప్పుతున్న ముసలావిడ. నాకే అనుమానంగా ఉంది. తెలియని దాన్ని గీస్తే కత్తెర గీసినవాడికీ నాకూ తేడా ఏముంది? అందుకని కొన్ని ప్రశ్నలు.

చక్కెరను విడిగా ఉంచుకోకుండా గొలుసులా ఎందుకు గుచ్చుతుంది? ఒకటే పొడుగు గొలుసా, పాయలుంటాయా? పాయ విడిపోయే చోటికి వచ్చాక ఏం చేస్తుంది, అక్కడా తెంపుతుందా? తెంపిన పూసను ఎవరి చేతిలో పెడుతుంది? చివరిది, ఊరికే అడుగుతున్నాను. ఇది ఒక్క ఈస్ట్‌కేనా, నీకూ నాకూ కూడా ఉంటుందా?

అన్నయ్య

*

ల్యాబు,
సెంట్రిఫ్యూజు యంత్రం తిరుగుతుండగా.

అన్నయ్యా,

నీ ఉత్తరం మా వాళ్ళందరికీ చదివి వినిపించాను. పాయల దగ్గర ఏం చేస్తుందని అడిగావు చూడు, మా మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "ఆయన్ని ఉద్యోగంలో పెట్టుకోవచ్చా?" అన్నాడు. అమ్మ విని "మూడు పూటలా కూర్చుని చేసే ఉద్యోగమైతే వాడు వస్తాడు" అంది. నేనేం కల్పించలేదు, అమ్మ మాట అమ్మదే.

చక్కెరను విడిగా వదిలేస్తే నీళ్ళను లాగేసుకుని కణం ఉబ్బి పగిలిపోతుంది. అందుకని గుచ్చి పెట్టుకోవడం. గొలుసుకి పాయలుంటాయి, పాయలకు మళ్ళీ పాయలు. మొత్తం కలిపి దట్టమైన పొదలా ఉంటుంది. దాన్ని గ్లైకోజెన్ అంటారు. కొసలు ఎన్ని ఉంటే అన్నిచోట్ల ఒకేసారి తెంపుకోవచ్చు. తెంపులమ్మ కొస నుంచి తెంపుకుంటూ వచ్చి, పాయ విడిపోయే చోటికి కాస్త ఇవతలే ఆగిపోతుంది. ఆ ముడి విప్పడం తన వల్ల కాదు. దానికి వేరే ఎంజైము రావాలి. తెంపిన పూస ఊరికే వదలదు, దానికి ఫాస్ఫేటు అని చిన్న తోక తగిలించి వదులుతుంది. ఆ తోక ఉంటే పూస కణం దాటి బయటికి పోలేదు.

ముసలావిడ ముద్దుగా ఉంది, నా బల్ల మీద అంటించుకున్నాను. కరపత్రానికి మాత్రం పనికిరాదు. ఎంజైము అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న రెండు సగాలు. నీ పిడికిళ్ళు రెండూ ఎదురెదురుగా ఆనించి చూడు, దాదాపు అలా ఉంటుంది. మధ్యలో సందు ఉంది చూశావా, పని అంతా ఆ లోపల.

ఇక చివరి ప్రశ్న. నీకూ నాకూ కూడా ఉంటుంది. మనకి కాలేయంలో ఒక రకం, కండల్లో ఒక రకం. కండల్లోది పుట్టుకతోనే లేనివాళ్ళు కొద్దిమంది ఉంటారు. వాళ్ళ కండలో గ్లైకోజెన్ నిండుగా ఉంటుంది, దాన్ని తెంపి ఇచ్చేవాళ్ళే ఉండరు. నిండు కొట్టుకి తాళం పడ్డట్టు. మెట్లెక్కినా, బరువెత్తినా కాసేపట్లోనే కండ బిగుసుకుపోతుంది. విచిత్రమేమిటంటే, కాస్త ఆగి నెమ్మదిగా మళ్ళీ మొదలుపెడితే ఒళ్ళు తేలికపడి అందరితో పాటు నడుస్తారు. ఆ లోపు రక్తం వేరే చోటి నుంచి చక్కెరా కొవ్వూ మోసుకొచ్చి ఇస్తుంది కదా, అందుకు. చాలామందికి పెద్దయ్యేదాకా తమ సంగతి తమకే తెలియదుట. ఈ మధ్య ఆ జబ్బు మీద పనిచేసే ల్యాబు ఒకటి మా దగ్గర సీసాలు తీసుకుంది, వాళ్ళు చెప్పారు.

సెంట్రిఫ్యూజు ఆగింది. బొమ్మ తొందరగా పంపు.

బుల్లి

*

ఇల్లు.

బుల్లీ,

కొత్త బొమ్మ ఇందులో పెట్టాను. పిడికిళ్ళను అద్దంలో చూసుకుంటూ గీశాను. పొద మాత్రం చాలాసార్లు చెరిపాను. కొసలు గాలికి ఊగుతున్నట్టు వచ్చాయి, అది తప్పయితే చెప్పు, మారుస్తాను.

కండల్లో కొట్టుకి తాళం పడ్డవాళ్ళ గురించి రాశావే, అది మళ్ళీ మళ్ళీ చదివాను. మా స్కూల్లో లెక్కల మాస్టారొకాయన ఉన్నాడు. ఆయనకి చిన్నప్పటి నుంచీ అచ్చం అలాగేట. మొదట తొడలు రాళ్ళయిపోతాయి, ఆగితే సర్దుకుంటాయి, తరవాత ఎంత దూరమైనా నడుస్తాడు. ఆయన తరఫున అడుగుతున్నాను. అలాంటివాళ్ళను పైకి చూసి గుర్తుపట్టొచ్చా? పరీక్ష ఏమైనా ఉందా? ఆగకుండా ఎక్కేస్తే ఏమవుతుంది? తాళం దానంతటదే ఊడిపోవడం లాంటిది జరగదా?

ఊరికే కుతూహలం.

అన్నయ్య

*

ల్యాబు.

అన్నయ్యా,

బొమ్మ చాలా బాగుంది. దాని గురించి తరవాత రాస్తాను.

మీ స్కూల్లో లెక్కలు చెప్పేది మేడమ్. పోయిన సెలవుల్లో మీ ఇంటికి వచ్చినప్పుడు ఆవిడే కదా నీ టీ తాగి మొహం చిట్లించింది? మరి ఈ మాస్టారెవరు?

మనం స్కూలుకి నడిచే దారిలో ఎత్తు ఉండేది, గుర్తుందా? సరిగ్గా ఆ ఎత్తు మధ్యలో నీ బూటు లేసు ఊడిపోయేది. రోజూ. నువ్వు వంగి కడుతూ "నువ్వు పద బుల్లీ, వచ్చేస్తున్నా" అనేవాడివి. కాసేపటికి ఈల వేసుకుంటూ నన్ను దాటిపోయేవాడివి. ఆ లేసు అక్కడే ఎందుకు ఊడేదో ఇవాళ అర్థమైంది.

పరీక్ష ఉంది. చెయ్యి గట్టిగా పిడికిలి బిగించి వదులుతూ ఉంటే రక్తం తీసి చూస్తారు. జన్యువు కూడా చూస్తారు. తాళం దానంతటదే ఊడదు. ఆగకుండా ఎక్కేస్తే కండ చితికిపోతుంది, ఆ చితికిన కండ రక్తంలో కలిసి కిడ్నీలకు అడ్డంపడుతుంది. మూత్రం ముదురు డికాషన్ రంగులోకి మారితే ఆ క్షణమే ఆసుపత్రికి పరిగెత్తాలి. పరిగెత్తకూడదు, బండిలో వెళ్ళాలి. చూడు, ఎలా రాస్తున్నానో.

దయచేసి ఏమీ మోయకు. కిటికీల దగ్గర ఆగడం మానకు. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆ లెక్కల మాస్టారిని కూడా తీసుకెళ్ళు.

బుల్లి

*

ఆసుపత్రి,
కిటికీ పక్క మంచం.

బుల్లీ,

నీ ఉత్తరం వచ్చేటప్పటికి నేను ఇంట్లో లేను. మీ వదిన ఇక్కడికి తెచ్చి ఇచ్చింది. నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు మళ్ళీ ఊఁ, సరే తప్ప ఏం రాలేదు. అందుకే రాస్తున్నాను. గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పింది. ముందు ఆ మాట చదివి, ఊపిరి పీల్చుకుని, మిగతాది చదువు.

తప్పు నీది కాదు, నా కుతూహలానిది. పిల్లలు చూసి గీయడానికి ప్లాస్టరు తలలు ఉంటాయి కదా, అవి కింద గదిలోనే మిగిలిపోయాయి. ప్యూను తెస్తానన్నాడు. నేనే మోస్తానన్నాను. రెండు చంకల్లో రెండు తలలు పెట్టుకుని, ఇవాళ ఏ కిటికీ దగ్గరా ఆగకూడదని బయల్దేరాను. ఏమవుతుందో చూద్దామని. నిజం చెప్పాలంటే, ఏమీ కాదని తేలితే బాగుండునని.

రెండో అంతస్తు దగ్గర హెడ్ మేడమ్ ఎదురై "ఏంటి మాస్టారూ, ఇవాళ మంచి హుషారుగా ఉన్నారే!" అంది. నవ్వాననే అనుకుంటాను. పైకి చేరాను బుల్లీ, ఆగకుండా చేరాను. తలలు కింద పెడదామంటే చేతులు విచ్చుకోలేదు. కాళ్ళు కదల్లేదు. తలలను కౌగిలించుకుని గది మధ్యలో బొమ్మలా నిలబడిపోయాను. పిల్లలు మొదట ఆటనుకుని చప్పట్లు కొట్టారు. తరవాత ఒక అమ్మాయి "మాస్టారు నవ్వట్లేదే" అంది. ప్యూనూ హెడ్ మేడమూ వచ్చి తలలను మెల్లగా లాగి తీశారు.

సాయంత్రానికి నువ్వు రాసిన రంగే. మీ వదిన "ఇదేం రంగండీ!" అంది. "డ్రాయింగు మాస్టారిని కదా" అన్నాను. నా జోక్‌కి ఆవిడ నవ్వకపోవడం ఇదే మొదలు. వెంటనే ఆటో పిలిచింది.

ఇక్కడి డాక్టరమ్మ నా కేసు చూడగానే కూర్చుని అడిగింది. "చిన్నప్పటి నుంచీ ఇంతేనా? కాస్త ఆగితే మళ్ళీ నడవగలరా?" నేను దిండు కింద నుంచి నీ పాత ఉత్తరం తీసి ఇచ్చాను. ఆవిడ చదివి "మీ చెల్లెలు డాక్టరా?" అంది. "కాదండీ, ఈస్ట్ మనిషి" అన్నాను. కిడ్నీలు రెండు రోజులు మొరాయించాయి. సీసాలకు సీసాలు సెలైను ఎక్కించాక దారికొచ్చాయి.

ఒళ్ళు కుదుటపడ్డాక నువ్వు చెప్పిన పిడికిలి పరీక్ష చేశారు. మామూలు మనుషులకు కండ కష్టపడితే రక్తంలో ఒక ఆమ్లం పెరుగుతుందిట, కాగితం మీద గీత కొండలా లేస్తుందిట. నాది గీత లేవలేదు. ఇక్కడి నుంచి అక్కడిదాకా బల్లపరుపుగా ఉంది. అంత తిన్నని గీత నేనెప్పుడూ గీయలేదు. జన్యువు రిపోర్టు ఇంకా రావాలి గానీ డాక్టరమ్మకి అనుమానం లేదు. నాకూ లేదు.

మీ వదిన కోపంగా ఉంది. జబ్బు గురించి కాదు, తనకి చెప్పకుండా లేని లెక్కల మాస్టారికి అంటగట్టినందుకు. "నాకు చెప్తే సంచులు మొయ్యనంటాననుకున్నారా?" అంది.

బుల్లీ, ఒక్క మాట అడుగుతాను. పిచ్చి ప్రశ్నయితే నవ్వెయ్. నాకు లేనిదేదో అది మీ ఫ్రీజరు నిండా ఉంది కదా. ఒక సీసా ఇక్కడికి పంపితే ఏమవుతుంది?

అన్నయ్య

*

ఇల్లు,
అమ్మ నిద్ర లేవకముందు.

అన్నయ్యా,

నవ్వలేదు. నువ్వు అడగకముందే నన్ను నేను అడుక్కున్నాను. వదిన ఫోన్ చేసిన మర్నాడు ల్యాబుకి వెళ్ళి ఫ్రీజరు తలుపు తెరిచాను. అరల నిండా సీసాలు, మంచు పట్టి. నేను చేసినవే. అలా చూస్తూ నిలబడిపోయాను. తలుపు చాలాసేపు తెరిచి ఉంటే అది కూత పెడుతుంది. మా మేనేజరు వచ్చి తలుపు వేసి, నన్ను తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాడు.

ప్రతి సీసా మీదా చిన్న కాగితం అంటిస్తాం: "పరిశోధనకు మాత్రమే. మనుషులకు వాడరాదు." ఇన్నాళ్ళూ దాన్ని నేను చదవకుండానే అంటించాను. ఆ రోజు చదివాను.

పనిచేయదు అన్నయ్యా. సూదితో ఎక్కిస్తే రక్తంలో తిరుగుతుంది తప్ప కండ కణం లోపలికి పోలేదు. దానికి అంత పెద్ద ఒళ్ళు. పోనీ పోయిందనుకో, అది ఈస్ట్ మాట వింటుంది, నీ కండ మాట వినదు. అంతకుముందే నీ ఒళ్ళు దాన్ని పరాయిదని పట్టేసి నీ మీదకే తిరగబడుతుంది. బాక్టీరియా మురికి కొంచెం మిగిలినా జ్వరంతో పోతావు. నీ కండలోనే, కణం కణంలోనూ అది తయారవ్వాలి. దాని మీదే కొందరు పనిచేస్తున్నారు. మా సీసాలను వాళ్ళు కొలతకి వాడుకుంటారు, ఏ కండలో ఎంత ఉందో పోల్చి చూడటానికి. ఇప్పటికి అంతే. ఎప్పటికి మందవుతుందో తెలియదు. తెలిసినట్టు నీకు రాయలేను.

ఇది రాసి చింపి, మళ్ళీ రాశాను. ఇదే నిజం కాబట్టి ఇదే పంపుతున్నాను.

ఇక అమ్మ. నిన్న రిపోర్టు వచ్చిందని వదిన చెప్పాక అమ్మకి పక్కన కూర్చుని అంతా చెప్పాను. వినడమైతే విన్నది. విని "వాడికి జబ్బేమిటే? వాడిది బద్ధకం" అంది.

"అమ్మా, రిపోర్టు వచ్చింది."

"రిపోర్టులు తప్పు రావా? మొన్న పక్కింటావిడకి షుగరుందని రాలేదూ?"

"అమ్మా, ఆవిడకి షుగరుంది."

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు వినబడింది కాసేపు. తరవాత గుమ్మంలో నిలబడి, నా వైపు చూడకుండా అంది: "బద్ధకమైతే తిట్టి దారిలో పెడతాను. జబ్బయితే నేనేం చెయ్యనే?"

ఇన్నేళ్ళ తిట్లూ ఒక్కసారిగా నాకు వేరేగా వినబడ్డాయి అన్నయ్యా.

తరవాత "ఎవరి నుంచి వచ్చిందిట?" అని అడిగింది. "నీ నుంచి సగం, నాన్న నుంచి సగం. రెండూ కలిస్తేనే వస్తుంది" అన్నాను. నాన్న ఫోటో వైపు ఓసారి చూసి "ఆయన సగమే పెద్దదై ఉంటుంది" అంది. ఆ తరవాత సంచీ సర్దడం మొదలుపెట్టింది. నన్ను టిక్కెట్టు కొనమంది. ఎల్లుండి అక్కడ ఉంటుంది. సిద్ధంగా ఉండండి.

నీ బొమ్మను మా వాళ్ళు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. కరపత్రాలు అచ్చయి వెళ్ళిపోయాయి.

బుల్లి

*

ఇల్లు,
ఆదివారం.

బుల్లీ,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. సీసా సంగతి చదివాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. ఆశ ఉందని నాకే తెలియలేదు, అది పోయాక తెలిసింది. తెలియదన్న చోట తెలియదనే రాశావు. అందుకు నీ మీద నాకు గౌరవం పెరిగింది. ఇంతకుముందు బొత్తిగా ఉండేది కాదు.

అమ్మ వచ్చిన మొదటి రోజంతా నన్ను కూర్చోబెట్టి చూసింది. గ్లాసు నేను తీసుకోబోతే గ్లాసు లాక్కుంది. మీ వదిన మొదట నవ్వుకుంది, సాయంత్రానికి విసుక్కుంది. "అత్తయ్యా, డాక్టరు ఆయన్ని రోజూ నడవమన్నారు" అంటే "మీ డాక్టరుకి బిడ్డలున్నారా?" అంది. చివరికి డాక్టరమ్మ చేతే చెప్పించాల్సి వచ్చింది. నడిచేముందు కాస్త పంచదార నీళ్ళు తాగాలి, మొదట బాగా నెమ్మదిగా మొదలుపెట్టాలి, బిగుసుకుంటే ఆగాలి, ఒళ్ళు తేలికపడ్డాక ఇష్టమున్నంతసేపు నడవొచ్చు. నడక మానేస్తే కండ ఇంకా పాడవుతుందిట.

హెడ్ మేడమ్ ఇంటికి వచ్చి వెళ్ళింది. కింద గది ఇచ్చేస్తానంది. వద్దన్నాను. పైన వెలుతురుకి అలవాటు పడ్డాను. కాస్త ముందుగా బయల్దేరతాను, అంతే. పిల్లలకి సంగతంతా చెప్పాను, పొదనూ పిడికిళ్ళనూ బోర్డు మీద గీసి. వాళ్ళు అడిగిన ప్రశ్నలకు నా దగ్గర జవాబులు లేవు. కాగితం మీద రాయించాను, నీకు వేరే పంపుతాను. వాటిలో ఒకటి: "మాస్టారూ, ఈస్ట్‌కి కూడా ఆయాసం వస్తుందా?"

ఇవాళ పొద్దున అమ్మ నాతో నడకకి వస్తానంది. మా వీధి చివర నుంచి కొండ మీది నీళ్ళ ట్యాంకు దాకా రోడ్డుంది, మొదటి నుంచీ ఎత్తే. అమ్మ కొంగు బిగించి ముందు నడిచింది. "రా, రా" అంటూ. అలవాటు చొప్పున విసురుగా అని, వెంటనే నోరు నొక్కుకుంది. నాకు మామూలు చోటనే తొడలు పట్టేశాయి. ఆగాను. వంగలేదు, దేన్నీ చూస్తున్నట్టు నటించలేదు. రోడ్డు మధ్యలో ఊరికే ఆగాను. అమ్మ వెనక్కి వచ్చి పక్కన నిలబడింది. ఏమీ అనకుండా అమ్మ అంతసేపు నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. ఎవరో తెలిసినాయన దాటిపోతూ "ఏంటి మాస్టారూ, ఆగిపోయారు?" అన్నాడు. "నేనే ఆగమన్నాను, మీరు పదండి" అంది అమ్మ, కాస్త కటువుగానే.

తరవాత మెల్లగా కదిలాం. ఇంకాసేపటికి నీ లెక్క ప్రకారం రక్తం చేరాల్సిన చోటికి చేరింది. తొడలు వదులయ్యాయి. బుల్లీ, ఆ క్షణం ఎలా ఉంటుందో నీకెప్పుడూ చెప్పలేదు. ఎవరో వెనక నుంచి చెయ్యి వేసి నెమ్మదిగా ముందుకు తోస్తున్నట్టు ఉంటుంది. నేను నడిచాను. ఆలోచించకుండా, ట్యాంకు వైపు చూస్తూ నడిచాను. ఎంత దూరం వచ్చానో కూడా చూసుకోలేదు.

వెనక నుంచి "ఒరేయ్, ఆగరా!" అని కేక వినబడింది.

తిరిగి చూస్తే అమ్మ చాలా కింద ఉంది. నడుం మీద చెయ్యి వేసుకుని, మొహం ఎర్రగా చేసుకుని రొప్పుతోంది. "మనిషన్నాక వెనక ఎవరొస్తున్నారో చూసుకోవద్దూ?" అని అక్కడి నుంచే తిట్టింది.

నేను కిందికి దిగి అమ్మ దగ్గరికి వెళ్ళాను. చెయ్యి ఇచ్చాను, పట్టుకుంది. అమ్మ ఊపిరి సర్దుకునేదాకా ఇద్దరం రోడ్డు పక్కన నిలబడ్డాం. ఎవరికోసమైనా నేను ఆగడం ఇదే మొదటిసారి. తొందరేం లేదమ్మా అన్నాను.

అన్నయ్య